పద్నాలుగు గ్రాముల నిప్పు

కర్పూరం అనుకుంది వకుళ.
డబ్బా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుని
ఛీ, ఎండుచేపలు, అంది.

నిజమే. చూపుకి హారతి బిళ్ళ,
వాసనకి కొత్తపట్నం రేవు.
ఎస్పీ రోడ్డులో బేరింగుల కొట్టు వెనకాల
పాత మిలిటరీ సరుకు అమ్మే ముసలాయన
ఎనిమిది బిళ్ళలు కాగితంలో చుట్టి
నోటికి తగలనీకు, చేతులు కడుక్కో అన్నాడు,
ప్రసాదం పెట్టి తిట్టినట్టు.

నెల రోజులుగా నా పనల్లా బరువు తగ్గించడం.
టూత్‌బ్రష్ పిడి సగానికి కోశాను.
టీ పొట్లాల దారాలు పీకేశాను.
ఉప్పుని స్ట్రాలో నింపి
రెండు చివర్లూ కొవ్వొత్తికి చూపించి మూశాను.
చింతపండు, ఏడు గ్రాములు, గోలీ అంత ఉండ.
కింద బేకరీలో కారా బూందీ తూచే కాటా మీద
ఒక్కో వస్తువూ పెట్టి చూసుకుంటుంటే
కుర్రాడు ప్రతిసారీ అడుగుతాడు,
ప్యాక్ చేయాలా అక్కా?

పడమటి కొండల్లో ఒక రాత్రి, రెండు పగళ్ళు.
అక్కడ పుల్ల విరిచినా జరిమానా.
బస్సులో గ్యాస్ డబ్బా రానివ్వరు.
అందుకని ఈ బిళ్ళలు, ఒక్కోటి పద్నాలుగు గ్రాములు.

పీజీ గోడ మీద మూడు భాషల్లో రూళ్ళున్నాయి,
తెలుగులో రెండు తప్పులతో.
హీటరు వద్దు. కెటిలు వద్దు. మాంసహారం వద్ధు.
బిళ్ళ సంగతి ఎవరికీ తట్టలేదు.

మేడ మీద, సింటెక్స్ ట్యాంకు చాటున మొదటి పరీక్ష.
బీటీఎం గాలి మూడు అగ్గిపుల్లలు తినేసింది.
నాలుగోది అంచుకి ఆనించి పట్టుకుంటే
నా వేలు కాలేదాకా ఆలోచించి
అప్పుడు అంటుకుంది.
పొగ లేదు, చిటపట లేదు,
చీకట్లో అరచేతంత నీలం.
పావు లీటరు నీళ్ళు, ఆరు నిమిషాలు.
ఉఫ్‌మని ఊదితే ఆరిపోయింది.
చల్లారిన సగాన్ని మళ్ళీ డబ్బాలో పెట్టాను.
నిప్పుని దాచుకోవచ్చని అప్పటిదాకా తెలియదు నాకు.

గురువారం రాత్రి వకుళకి నూట రెండు.
మాత్ర వేశాను. దుప్పటి, దాని మీద నా దుప్పటి.
మెస్సుకి తాళం. ఫోనులో కొట్లన్నీ
బిర్యానీ తప్ప లేదంటున్నాయి.
ఏమీ అడగని మనిషి, పలమనేరు పిల్ల,
గోడవైపు తిరిగి మెల్లగా
మిరియాల చారు, అంది.

కట్టి పెట్టిన సంచి విప్పాను.
స్ట్రా కొరికాను. ఉండ నానేశాను.
దాని హార్లిక్స్ సీసాలో వాళ్ళమ్మ కొట్టిన చారుపొడి.
పైన తుంపర. గాలి ఏ వైపో తేల్చుకోదు.
రేకు గోడ ఎగిరిపోయి పక్క మేడ మీద పడింది.
ఒక బిళ్ళ వృథా. రెండోది సగంలో పోయింది.
మూడోదానికి నేనే గోడనై వంగి కూర్చున్నాను,
వీపంతా తడి, మోకాళ్ళ మధ్య గిన్నె.

టార్చి పడింది మొహాన.
ఏన్రే, మీనా?
సరోజక్క. ఇరవై ఏళ్ళుగా
గుడ్డు పెంకు కూడా ఎక్కని మేడ అది.
చేప కాదక్కా అని బిళ్ళ చూపించాను,
చారు చూపించాను, కిందకి చూపించాను.
నైటీ మీద తువ్వాలు కప్పుకుని
నన్నూ, నా కొండల్నీ, నాలాంటి అద్దెకున్నవాళ్ళందర్నీ
వరసపెట్టి తిడుతూనే
గాలి వచ్చే వైపుకి వచ్చి నిలబడింది.

చారు పొంగింది.

వకుళ గ్లాసుడు తాగి
ఉప్పెక్కువైంది అని నిద్రపోయింది.

శుక్రవారం బస్సు నేను లేకుండానే కదిలింది.
బేకరీ కాటా మీద సంచి మళ్ళీ పెట్టాను,
ఎందుకో నాకే తెలియదు.
గిన్నె అడుగు జిగురు మసి
పీచుతో తోమినా, ఇసుకతో తోమినా పోలేదు.

పై వారం గోడ మీద కొత్త కాగితం.
మీను వాసన బిళ్ళలు వెలిగించరాదు.
తెలుగులో ఒక్క తప్పూ లేదు.
చేతిరాత వకుళది.